గుర్రమింట్లో దూరిన బంటు

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా ఎల్లేశం తాతకు చదరంగం ముందు కూర్చుంటే అన్నం గుర్తుండదు. వడ్డించిన కంచం చల్లారి చల్లారి, చివరికి ఆయన భార్య దేవవ్వే మండింది.

"కరీంనగర్ల పోటీ ఉన్నదట. ఒక్క ఆటన్న గెల్చి రా. ఓడితే గీ బోర్డు నీళ్ల పొయ్యిల వెడత!"

తాత ఆట తీరే వేరు. ఎదుటివాడు బంటును ఎరగా పెడితే ముట్టడు. తనే ఇంకో బంటును ఎరవేసి మీదికి దూకుతాడు. కరీంనగర్ పోటీలో ఎదురు కూర్చున్న, ఇంటర్ చదివే హర్షిణి మీద కూడా అలాగే దూకాడు. ఆ పిల్ల ఎరను తిన్నది, వెనకే వచ్చిన శకటునూ తిన్నది. ఇప్పుడు ఆమె మంత్రి తిన్నగా తాత మంత్రినే చూస్తోంది.

తాతకు బాయిలో పైకప్పు నుంచి మట్టి రాలుతుంటే నిలబడ్డట్టుంది. మంత్రిని కాపాడుకుందామంటే, తొందరలో చెయ్యి ముందే బంటు మీద పడింది. ఇంటి దగ్గరైతే "వాపస్" అనేవాడు. ఇక్కడ ముట్టుకుంటే జరపాల్సిందే. శత్రురాజు పక్కన ఇరుక్కున్న ఆ బంటుకు ఒకటే దారి. గుర్రాన్ని తిని చివరి వరుసలో కూర్చుంది.

పోటీ నడిపించే నరేశ్, ఆ బంటు బదులు పెట్టుకొమ్మని ఇంకో మంత్రిని పట్టుకొచ్చాడు. "తీసుకో తాతా."

"మంత్రెందుకు? గుర్రమింట్ల దూరిన బంటు గుర్రమే అయితది. మా బాయి కాడ గదే ఖాయిదా."

గుర్రాన్ని పెట్టి చెయ్యి తీశాక వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక్కడ ఏది కావాలంటే అది తీసుకోవచ్చని తాతకు అప్పుడు అర్థమైంది. బోర్డు పోయింది, అనుకున్నాడు.

కానీ ఆ గుర్రం హర్షిణి రాజుకే గురిపెట్టింది. రాజును కాపాడుకోకుండా ఆమె మంత్రిని కదపడానికి లేదు. అదే కొత్త మంత్రిని పెట్టి ఉంటే రాజుకు గురి ఉండేది కాదు, ఆమె తాత మంత్రిని తినేసేది. గుర్రాన్ని ఏనుగుతో కొట్టేసింది. తాత మిగిలిన శకటును బయటికి లాగి రాజుకు "షా!" అన్నాడు. రాజు తప్పుకుంటే వెనకున్న మంత్రి పోతుంది.

కాసేపు చూసి హర్షిణి ఓటమి ఒప్పుకుని చెయ్యి చాపింది. "గుర్రం ఎందుకు తీసుకున్నవో నాకిప్పుడు సమజైంది, తాతా."

"నాకు సుత గిప్పుడే, బిడ్డా."

బయటికొచ్చి ఫోన్ చేశాడు. "గెల్సిన."

"ఎదురుంగ ఎవలన్న కూసున్నరా, ఉట్టి కుర్చేనా?" అంది దేవవ్వ.

"కూసున్నరే! బోర్డు ముట్టకు."

అటువైపు గబగబా అడుగుల చప్పుడు.

"జర ఆగు," అంది. "ఒక్క మూలకే అంటుకున్నది. నీళ్లు పోస్త."