ఆరు గజాల అర్జీ

ఆ రోజుల్లో నాకు పుస్తకాల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఏ సంగతైనా అచ్చులో కనిపిస్తే లోకంలో కూడా అది అలాగే జరిగి తీరుతుందనీ, జరగలేదంటే లోకం ఇంకా ఆ పుస్తకం చదవలేదనీ నా ఉద్దేశం. ఇంటర్‌తో చదువాపేసి ఘాజియాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి రికార్డు గదిలో చేరినవాణ్ణి. వారమంతా రోగుల ఫైళ్ళు వరసలో సర్దేవాణ్ణి. శనివారం సగంపూట సెలవు దొరగ్గానే వైశాలిలో మెట్రో ఎక్కి ఢిల్లీలోని ఒక పాత గ్రంథాలయానికి పోయి, ఫ్యాను కింద కుర్చీ దొరికిన చోటల్లా కూర్చుని, ఆ అరలో ఏ పుస్తకం ఉంటే అది చదివేసేవాణ్ణి. తేనెటీగల పెంపకం, వంతెనల నిర్మాణం, కిడ్నీ జబ్బులు, వేటికీ తేడా చూపించేవాణ్ణి కాదు. చదివింది సోమవారానికల్లా ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సయించేది కాదు. అందుకే మా ఇందిరాపురం అపార్టుమెంట్లలో తెలుగువాళ్ళందరూ నన్ను ‘లైబ్రరీ’ అని పిలిచేవారు. అది బిరుదు అనుకుని చాలాకాలం సంతోషించాను.

మా బ్లాకులో నా కింది అంతస్తులో నర్సు అక్క ఉండేది. మా ఆస్పత్రిలోనే పని. కాకినాడ పక్కనుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఆవిడ భర్తని నేను బావగారూ అనేవాణ్ణి. ఆయన ఇళ్ళకి ప్లాన్లు గీసే పని చేసేవాడు. ఆదివారం ప్రార్థన జరిగే హాల్లో గోడమీది వాక్యాలన్నీ ఆయన చేతిరాతే. గుండ్రంగా, ఒత్తుగా, కంప్యూటరు సిగ్గుపడేలా ఉండేవి. ఆ ఏడు వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట నెమ్మదించింది. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. ఆ సెంటరు మా గేటు నుంచి చూస్తే కనిపించేంత దూరమే. కానీ మధ్యలో ఉన్న రోడ్డు రోడ్డు కాదు. వాన పడితే చెరువు, ఎండ కాస్తే గుట్టలు. చక్రాల కుర్చీ ముందు చక్రం రెండుసార్లు ఊడిపోయింది. ఈ-రిక్షావాళ్ళు ‘ఉధర్ నహీ, దీదీ’ అని ముఖం తిప్పేసుకునేవారు. దాంతో అక్క సగం రోజు సెలవులు పెట్టీ, డ్యూటీలు మార్చుకునీ లాక్కొస్తోంది. ఒకటో తారీఖున మేట్రన్ పిలిచి, నెలాఖరులోగా తేల్చుకోమంది. పూర్తి పగటి డ్యూటీ చేస్తావా, మానేస్తావా? మానేస్తే ఇల్లు గడవదు. చేస్తే పగలంతా బావగారు ఒక్కడే మంచంమీద.

“నువ్వేమీ అనుకోకు తమ్ముడూ, మానేస్తున్నానని కాగితం రాసి బ్యాగులో పెట్టుకున్నాను. ఇవ్వడమే తరువాయి” అంది అక్క లిఫ్ట్ దగ్గర. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కూరల సంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది, అంతే.

సరిగ్గా ఆ శనివారమే నా చేతికి శాసనసభ నియమావళి దొరికింది. (దేవుడు ఉన్నాడనడానికి నాకప్పుడు దొరికిన రుజువుల్లో ఇదొకటి.) అందులో ‘విన్నపాలు’ అని ఒక అధ్యాయమే ఉంది. మామూలు పౌరులెవరైనా శాసనసభకి విన్నపం పెట్టుకోవచ్చట. ఒక సభ్యుడు దాన్ని సభ ముందుంచాలట. భాష మర్యాదగా ఉండాలి, కోరిక స్పష్టంగా ఉండాలి, మొదటి సంతకం చేసినవారి చిరునామాకే జవాబు వస్తుంది. సంతకాలున్న కాగితం మీదే విన్నపం కూడా ఉండాలి. సంతకం చెయ్యలేనివారు సాక్షి ఎదుట ఎడమ బొటనవేలి ముద్ర వెయ్యచ్చు. నేను ఆ పేజీలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకుని, తిరుగు మెట్రోలో కూర్చోవడానికి చోటున్నా నిలబడే వచ్చాను. కోరికలు కూడా దారిలోనే ఖాయం చేశాను. ఒకటి రోడ్డు. రెండు, ఇంట్లో మంచాన పడ్డవాళ్ళని పగటిపూట చూసుకునే కేంద్రం, లేదా చూసుకునేవారికి ఏదో ఒక ఆసరా.

అక్క విన్నది. “శాసనసభకా? మన గుంత కోసమా?”

“గుంతలన్నీ ఎక్కడికెళ్ళాలో పుస్తకంలో ఉంది అక్కా.”

“సరే కానీ, నువ్వు చెప్పిన పుస్తకం ప్రకారం తేనెటీగలు కూడా పెట్టాంగా బాల్కనీలో” అంది. (ఆ కథ వేరు. పై ఫ్లాటువాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడరు.)

అసలు చిక్కు కాగితంతో వచ్చింది. విన్నపం, సంతకాలు ఒకే కాగితం మీద ఉండాలన్న నియమాన్ని నేను చాలా గట్టిగా పట్టుకున్నాను. (మొదటి పేజీలో విన్నపం ఉంటే చాలనీ, మిగతా సంతకాలు విడి కాగితాల మీద ఉండచ్చనీ ఆ తర్వాతి వాక్యంలోనే ఉందట. పేజీ తిప్పలేదు.) రెండు వందల సంతకాలు పట్టే కాగితం ఎక్కడుంది? ఆదివారం బడి పిల్లలు బొమ్మలు వేసుకునే గోధుమరంగు కాగితం చుట్ట గుర్తొచ్చింది. పాస్టరుగారు అడిగిందే తడవుగా ఇచ్చేశారు. పరిచి కొలిస్తే ఆరు గజాలు. “చీరంత ఉందిరా” అంది అక్క.

హిందీ నాకు నిఘంటువులోంచి వచ్చింది కనక, గొప్ప హిందీయే వచ్చింది. చిత్తుప్రతిని ఎదురింటి ఆంటీకి చదివి వినిపించాను. ఆవిడ బఠాణీలు ఒలుస్తూ విన్నది. “బేటా, యే గర్త్ క్యా హోతా హై?”

“గడ్ఢా, ఆంటీ.”

“తో గడ్ఢా లిఖ్ నా. గర్త్ మే తో కోయీ గిర్తా హీ నహీ.” గుంత అని రాస్తేనే కదా ఎవడైనా పడేది, అని ఆవిడ భావం. ఆరు చోట్ల గర్తాలు పూడ్చి గుంతలు తవ్వాను. విన్నపం పైన ఉండే సంబోధన మాత్రం ఎవరికీ చూపించలేదు. నియమావళిలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా చుట్ట నెత్తిన నేనే దించాను.

ఇక మొదటి సంతకం బావగారిది కావాలి. నేను ఉత్సాహంగా ఆయన మంచం పక్కన కూర్చుని, “మీరేం కంగారుపడకండి బావగారూ. సంతకం చెయ్యలేనివాళ్ళకి నియమం ఉంది. ఎడమ బొటనవేలు చాలు, నేను సాక్షి” అన్నాను. ఆయన చాలాసేపు నావైపు చూశాడు. మాట కూడగట్టుకోవడానికి ఆయనకి టైము పట్టేది. నేనా చూపుని మెచ్చుకోలు అనుకున్నాను.

“వేలిముద్రా?” అన్నాడు. “నాకా?”

ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. వంటింట్లోంచి అక్క నన్ను చూసిన చూపు ఏ పుస్తకంలోనూ లేదు. మొదటి గీత ఖాళీగా వదిలేసి, రెండో గీత దగ్గర అక్క సంతకం చేసింది.

అయితే మర్నాడు బావగారే ఒక మాటన్నాడు. చుట్టని ఇంటింటికీ మోసుకుతిరిగితే నలిగిపోతుంది, కింద లిఫ్ట్ పక్కన బల్లమీద పెట్టి నన్ను కూర్చోబెట్టండి, నేను కాస్తాను అని. పొద్దున్నే అక్క, నేనూ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్ట ఎదుట బల్లమీద పెట్టి డ్యూటీకి వెళ్ళేవాళ్ళం. పైభాగం చుట్టే ఉండేది, సంతకాల భాగం ఒక్కటే విప్పి ఉండేది. మధ్యాహ్నం అక్క పరిగెత్తుకొచ్చేసరికి ఎదురింటి ఆంటీ, ఆవిడ భర్త రైల్వే గార్డుగా రిటైరైన అంకుల్, ఇద్దరూ బావగారి పక్కన కుర్చీలు వేసుకుని ఉండేవారు. సంతకానికి వచ్చినవాడు సంతకం చేసి వెళ్ళిపోవడం ఢిల్లీ వైపు ఆచారం కాదు. ‘అచ్ఛా, ఎప్పుడు జరిగింది? ఎలా జరిగింది? మా మామయ్యకి కూడా ఇలాగే’ అంటూ కూర్చుంటాడు. పది రోజుల్లో చుట్ట నిండింది.

అక్కకి వారపు సెలవు దొరికిన రోజున ఇద్దరం చుట్టని దుప్పటిలో చుట్టుకుని ఢిల్లీ వెళ్ళాం. మెట్రోలో సెక్యూరిటీవాడు, “కాలీన్ హై క్యా?” అని అడిగాడు. తివాచీ కాదు, ప్రజాస్వామ్యం అని చెబుదామనుకున్నాను. అక్క నా మోచెయ్యి గిల్లింది. నా గ్రంథాలయం ఉన్న పేటకి సభ్యుడెవరో ముందే కనుక్కున్నాను. ఆయన ఆఫీసులో ఒక నడివయసు సహాయకుడు మమ్మల్ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, చుట్టని ఒక చివరనుంచి ఓపిగ్గా విప్పాడు. పైభాగం చదివాడు. కిందకొచ్చి చిరునామాలు చూశాడు. మళ్ళీ పైకి వెళ్ళాడు.

“ఆప్ లోగ్ రెహతే కహా హై?”

“ఢిల్లీలోనే జీ” అన్నాను హిందీలో. “ఇందిరాపురం.”

“యే తో యూపీ హై.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “ఓటు ఎక్కడ వేస్తారు?” అని అడిగాడు. నేను అక్కవైపు చూశాను, అక్క చాయ్ కప్పువైపు చూసింది. మా శాసనసభ లక్నోలో ఉందనీ, ఢిల్లీ శాసనసభ మా గుంతని ముట్టుకుంటే పరాయి రాష్ట్రం మీద దండయాత్ర అవుతుందనీ ఆయన చాలా మర్యాదగా వివరించాడు. మేం లేస్తుంటే ఖాళీగా ఉన్న మొదటి గీత మీద వేలు పెట్టి, “ఇది ఎవరిది?” అని కూడా అడిగాడు. అక్క చుట్టని మళ్ళీ దుప్పటిలో చుట్టేసింది.

తప్పు నాదే, కానీ నా ఒక్కడిదీ కాదు. మా ఊళ్ళో ఎవరడిగినా మేమంతా ‘ఢిల్లీలో ఉంటున్నాం’ అనేవాళ్ళమే. పెళ్ళి శుభలేఖల మీద ఢిల్లీ, ప్రార్థన విన్నపాల్లో ఢిల్లీ. చెప్పగా చెప్పగా మేమే నమ్మేశాం. ఆ మధ్యాహ్నం అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీనులో భోజనానికి కూర్చున్నాం. నాకు పప్పు కూడా మింగుడు పడలేదు. అక్క గోంగూర కలుపుకుంటూ సగంలో ఆగి, “మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాలి తమ్ముడూ, పదకొండేళ్ళుగా ఢిల్లీలో లేనని” అంది. తర్వాత ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. బ్యాగులో ఆ కాగితం ఇంకా ఉందని ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చి బావగారికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. “పైన ఢిల్లీ అని రాశావు. చూశాను.”

“మరి చెప్పలేదేం?”

“లైబ్రరీ రాశాక తప్పెందుకవుతుంది అనుకున్నా” అన్నాడు. మొదటిసారి ఆ బిరుదు బరువు నాకు తెలిసింది.

కొట్టివేతలు ఉంటే చెల్లదని నియమం. కాబట్టి మళ్ళీ కొత్త చుట్ట, మళ్ళీ మొదటినుంచి సంతకాలు. ఈసారి పైభాగం ఆంటీ చదివి సరే అన్నాకే రాశాను. అలా చుట్టతో బావగారు ఇంకో రెండు వారాలు కింద కూర్చోవాల్సి వచ్చింది. రెండోసారి సంతకం కాబట్టి జనం రెండింతలు కూర్చున్నారు. ఆ రెండు వారాలూ ఆయన ఎడమచేత్తో పాత క్యాలెండర్ వెనక ఏదో గీసుకుంటున్నాడని ఆంటీ చెప్పింది. అడిగితే కాగితం తిప్పేసేవాడు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు పొద్దున, అక్క బ్యాగు సవరించుకుని గేటువైపు వెళ్తోంది. ముఖం చూస్తే తెలిసిపోయింది, కాగితం ఇవ్వడానికే. గార్డు అంకుల్ బల్ల దగ్గర్నించి పిలిచాడు. “సిస్టర్, పగటి డ్యూటీ ఎన్నింటికి మొదలు?”

“ఎనిమిదికి అంకుల్. ఎందుకు?”

ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. రైలు బండ్ల చార్టులా గళ్ళు గీసి ఉంది. పొద్దుట తాను, పదకొండు నుంచి ఆంటీ, మధ్యాహ్నం మూడో అంతస్తు టీచరమ్మ, సాయంత్రం నేను. “గార్డు లేకుండా బండి కదల్దు. మేం నలుగురం ఉన్నాం. మిమ్మల్నడక్కుండా వేశాను, తప్పయితే కొట్టేయండి.”

అక్క ఆ గళ్ళ మీద వేలు జరుపుకుంటూ కిందదాకా చదివింది. “ఫిజియోకి?” అంది చివరికి.

“నలుగురం మోస్తాం. కుర్చీయే కదా, ఏనుగు కాదు.”

అప్పుడు బావగారు గొంతు సవరించుకున్నాడు. చుట్టని పైకి విప్పమన్నాడు. ఎడమచేత్తో పెన్ను పట్టుకుని, నాలుక పళ్ళమధ్య నొక్కి, మొదటి గీత మీద తన పేరు రాశాడు. వంకరగా ఉంది. చివరి అక్షరం గీత దిగి అక్క సంతకం మీద పడింది. అయినా అది ఆయన రాతే. నేను నియమం ప్రకారం సాక్షి సంతకం చెయ్యబోతే, “ఇది సంతకమయ్యా. సాక్షి అక్కర్లేదు” అన్నాడు. అక్క ఎనిమిదింటికి డ్యూటీలో ఉంది.

ఘాజియాబాద్‌లో మా సభ్యుడి ఆఫీసు వసారాలో చుట్టని నాలుగు మూలలా చెప్పులు పెట్టి పరిచాం. సహాయకుడు దాని వెంబడి నడుచుకుంటూ చదివాడు, తల గోక్కున్నాడు, ముద్ర వేశాడు. కొన్ని నెలలకి బావగారి పేరిట జవాబొచ్చింది. రోడ్డు మంజూరైంది, కేంద్రం విషయం పరిశీలనలో ఉంది. రోడ్డు ఫిజియో సెంటరు ఇంకో పాతిక గజాలుందనగా ఆపేశారు. కేంద్రం ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. పాపం, చాలా లోతుగా పరిశీలిస్తున్నట్టున్నారు. ఆ పాతిక గజాలూ బావగారు తర్వాత కర్రతో నడిచాడు.

మొన్నామధ్య మా బ్లాకుకి కొత్తగా అద్దెకొచ్చిన విశాఖపట్నం అమ్మాయి వచ్చింది, వీధి దీపాల గురించి. “అన్నా, మీకు అర్జీలు పెట్టడం బాగా తెలుసటగా?”

నాలోని పాత లైబ్రరీ లేచి కూర్చున్నాడు. నియమాలు, సంబోధన, ఒకే కాగితం, అన్నీ నాలిక చివరకొచ్చాయి. మింగేశాను. “ముందు ఒకటి చెప్పమ్మా. నువ్వు ఎక్కడుంటున్నావు?”

ఆ అమ్మాయి వింతగా చూసింది. “అదేంటన్నా, ఢిల్లీలోనే కదా.”

నేను స్టూలు వేసుకుని, అటకమీంచి మా మొదటి చుట్టని దింపడం మొదలుపెట్టాను.