బరాత్‌లో ముందు జాగా

ఆ రోజుల్లో సిద్దిపేటలో ఒక కుర్రాడు పెద్దవాడయ్యాడో లేదో తెలుసుకోవడానికి వాడి మీసం చూడనక్కరలేదు. పెళ్లి ఊరేగింపులో, అదే మా బరాత్‌లో, ఎక్కడున్నాడో చూస్తే చాలు. వాయించేవాళ్ల ముందు ఎగురుతుంటే కుర్రాడు, వాళ్ల వెనక చేతులు కట్టుకుని నడుస్తుంటే సంసారి, జీపులో బిగుసుకుని కూర్చుంటే ఆ పూట పెళ్లికొడుకు. ఈ మూడు జాగాల మధ్యనే మా యవ్వనం గడిచిపోయింది. అందులో ఎక్కువ భాగం నేను ఒక్కడి మీద కుళ్లుకోవడంతో గడిచింది.

మేం అరడజను మందిమి. డిగ్రీ చదువుతున్నామని మా ఇళ్లల్లో నమ్మకం. తెల్ల క్యాన్వాసు బూట్లు, నుదుటికి రుమాలు, గాలి నింపినట్లుండే ప్యాంట్లు. పెళ్లి ఎవరిదో మాకు అనవసరం, మర్ఫా డప్పులు వినబడితే చాలు. (పిలిచారా అని మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. మగపెళ్లివారు మమ్మల్ని ఆడపెళ్లివారి తరఫు అనుకునేవారు, వాళ్లేమో వీళ్ల తరఫు అనుకునేవారు.) దుబ్బాకలో నేతవాళ్ల పెళ్లయినా సరే, బస్సు టాపెక్కి వెళ్లి ఎగిరి వచ్చేవాళ్లం. మా అందరికీ ముందు డిస్కో. వాడి అసలు పేరు వాళ్ల నాయినకైనా గుర్తుండేదో లేదో. నడిరోడ్డు మీద వీపు ఆనించి బొంగరంలా తిరిగేవాడు, లేచి దుమ్ము దులుపుకోవడం కూడా తాళంలోనే దులుపుకునేవాడు. నా జాగా వాడి వెనక, కాస్త కుడివైపు. వాడికొచ్చిన స్టెప్పులన్నీ నాకూ వచ్చు, కొన్ని వాడికంటే ముందే వచ్చు. అయినా డాబాల మీది ఆడపిల్లలు చూసేది వాడినే. కడుపు మండిపోయేది. ఒకసారి వాడికి జ్వరమొస్తే బత్తాయిలు పట్టుకుని వెళ్లాను, ఆదివారం బరాత్ దాకా తగ్గకూడదని మనసులో కోరుకుంటూనే. (వాడు నా బత్తాయిలు తిని శనివారానికే లేచి కూర్చున్నాడు.)

"ఒక్కపారి నేను ముందటుంట రా" అని ఓ రోజు తెగించి అడిగాను.

"ఉండు. నేనేమన్న వద్దంటున్ననా?" అన్నాడు అమాయకంగా. నిజమే, వాడెప్పుడూ వద్దనలేదు. డప్పు మొదలయ్యాక వాడు ముందుకు పోయేవాడు, నేను వెనకే మిగిలేవాణ్ని. అంతే.

ఇక నాకున్న ఆశల్లా వాడి పెళ్లి. ఎందుకంటే పెళ్లయినవాడు మళ్లీ బరాత్‌లో ఎగరడం మా దగ్గర లేదు. "సంసారం జేసెటోడు బజార్ల ఎగిరితే ఇజ్జత్ ఉంటదా?" అని మేనత్తలు చెవి పట్టుకుని పక్కకు లాగేవారు. మాలో మొదట పోయినవాడు పొట్టోడు. పెళ్లయిన నెలకు ఎదురుపడితే, బూట్లు తమ్ముడికిచ్చేశానన్నాడు. తర్వాత ఒక్కొక్కరే డప్పుల వెనక్కి చేరి, ఆకు నములుతూ వర్షాల గురించి మాట్లాడసాగారు. చివరికి డిస్కోకు ఎర్రవల్లి పిల్ల ఖాయమైంది. ఆ వార్తకు నా అంత సంతోషించినవాళ్లు వాళ్లింట్లో కూడా లేరు.

వాడి బరాత్ సాయంత్రం ముందు జాగా నాది. మర్ఫా వాయించే భాయ్ "ఆజ్ నువ్వే హీరో మియా!" అని వీపు తట్టాడు. నేను రెచ్చిపోయాను. జనం ఈలలు, చప్పట్లు, డాబాల మీద నవ్వులు. ఇన్నాళ్లకు నా విలువ తెలిసిందనుకుని వీపు మీద పడి గిర్రున తిరిగాను, చొక్కా చిరిగింది. లేచి చూస్తే ఎవరి చూపూ నా మీద లేదు. అందరూ నా నెత్తి మీదుగా జీపులోకి చూస్తున్నారు. అక్కడ డిస్కో, నుదుటికి బాసికంతో, కదలకుండా కూర్చుని కనుబొమలు, ఒక్క భుజం మాత్రం తాళానికి ఎగరేస్తున్నాడు. "దూల్హా కూసోనే ఎగురుతుండు, సూడున్రి!" అంటూ భాయ్ కూడా డప్పు అటే తిప్పాడు. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేదు.

ఆ తర్వాత నేనే ముందు. కాని వెనక మావాళ్లెవరూ లేరు. కొత్త పిల్లలు కొత్త స్టెప్పులతో వచ్చారు, డప్పుల కంటే క్యాసెట్ పాటలు, స్పీకర్ డబ్బాలు జనానికి ముద్దయ్యాయి. ఒకడు నన్ను "కాకా, జర పక్కకు జరుగు" అన్నాడు. ఆ వారమే ఇంట్లో పెళ్లికి ఒప్పుకున్నాను.

నా బరాత్ మునిమాపు వేళ బయలుదేరింది. నా కండువా, మా ఆవిడ కొంగు కలిపి ముడి వేశారు, వెనక సీట్లో మా మేనత్త కాపలా. అంతలో డిస్కో చంకలోని పిల్లను భార్యకు అందించి, కొత్తగా వచ్చిన పొట్టను లోపలికి బిగబట్టి, డప్పుల ముందుకు దూకాడు.

"సిగ్గు లేదార, ఇద్దరు పిల్లల తండ్రివి!" అని మేనత్త అరిచింది.

"నా దోస్తు పెండ్లి అత్తా, గీ ఒక్కటి!" అని వాడు మొదలుపెట్టాడు. పొట్ట ఒక తాళానికి, కాళ్లు ఒక తాళానికి కదిలినా బజారంతా ఆగిపోయింది. అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న మా ఆవిడ మెల్లగా తలెత్తింది. పెళ్లయ్యాక ఆమె నాతో అన్న మొదటి మాట ఇది:

"గాయిన ఎవరు? మస్తు ఎగురుతుండు."

"మా దోస్తు. పెండ్లయింది. ఇద్దరు పిల్లలు" అన్నాను గబగబా.

"అయితేంది? మీకు రాదా గట్ల?"

నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. సరిగ్గా అప్పుడే డిస్కో చెమటలు కక్కుతూ జీపు దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"దిగు రా. ఇయ్యాల ముందట నువ్వు. నేను నీ ఎనకుంట."

ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆ మాట కోసం! లేచాను. ముడి బిగిసి మా ఆవిడ "అమ్మో" అంటూ నాతోపాటు లేచింది. మేనత్త నా రెండు భుజాలూ పట్టి కుదేసింది. "కూసో! పెండ్లికొడుకు బండి దిగుతడా?" డిస్కో చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ డప్పుల ముందుకు వెళ్లిపోయాడు. ఇల్లు చేరేదాకా వాడే ముందు ఎగిరాడు. మా ఆవిడ ఇల్లు చేరేదాకా చూసింది.

మొన్న మా వీధిలోంచి ఓ బరాత్ వెళ్తుంటే డిస్కో, నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాం. గుండెలదిరే పాట. ఉన్నట్టుండి పెళ్లికొడుకు బండి మీంచి దూకాడు, వెనకే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పెళ్లికూతురూ దూకింది. ఇద్దరూ ముందు నిలబడి ఎగురుతుంటే వాళ్ల మేనత్తలు ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు.

డిస్కో మోకాలు నిమురుకుంటూ "మనల్నెవడాపిండు రా?" అన్నాడు. ఆ గొంతులోని మంట నాకు బాగా తెలిసినదే. చిన్నప్పటి నుంచి నా కడుపులో ఉన్నదే. వాడు ఇంకెవరి మీదో కుళ్లుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను, వాడి పక్కకు ఇంకాస్త జరిగి కూర్చుని నేనూ ఆ పెళ్లికొడుకు మీదే కుళ్లుకున్నాను.