ఫోన్‌లో ఎండ, కొండ మీద మబ్బు

ఎండలు ముదరకముందే ఒక్క కొండైనా ఎక్కాలని నాకూ, మా స్కూల్లో తెలుగు చెప్పే వసుంధరకూ పట్టుదల వచ్చింది. పట్టుదల నాది, నొప్పి పుట్టే మోకాళ్ళు ఆమెవి. నేను సైన్సు టీచర్ని. ఏళ్ళ తరబడి వాతావరణం పాఠం చెప్పీ చెప్పీ, వాతావరణం నా మాట వింటుందనే నమ్మకం కుదిరిపోయింది.

మార్చి మొదటి ఆదివారం తెల్లవారి అయిదూ నలభైకి నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కాం. ఆడవాళ్ళం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు. వసుంధర రెండు స్వెట్టర్లు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, గొడుగు కూడా పట్టుకొచ్చింది. గొడుగు చూసి నవ్వి, ఫోన్ తీసి చూపించాను. రోజంతా ఎండ, వాన పడే అవకాశం సున్నా.

"నా గొడుక్కీ సున్నా టికెట్టేలే, రానియ్యి" అంది.

నకరికల్లు దాటేదాకా కిటికీలో మంచు తప్ప ఏమీ కనిపించలేదు. పక్క సీటులో ఉన్న పెద్దామె మా బూట్ల వంక చూసి, "యాడికమ్మా?" అంది.

"కొండెక్కడానికండీ."

"ఏం మొక్కు?"

"మొక్కేం లేదు, ఊరికే."

"ఊరికేనా!" అని నోరు నొక్కుకుంది. కారంపూడి వచ్చేదాకా మళ్ళీ మాతో మాట్లాడలేదు.

ఏడుంపావుకు కారంపూడిలో దిగాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీ బాగుంది. చట్నీ విషయంలో మాత్రం కొత్తవాళ్ళు ముందు మంచినీళ్ళు దగ్గర పెట్టుకోవడం మంచిది. అక్కడి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు వెళితే కొండ కింద పల్లె వస్తుంది. మమ్మల్ని కొండెక్కిస్తానన్న అంజయ్య వసుంధరకు వరసకు బాబాయి. ఊరి చివర కల్లంలో, ఆరబోసిన మిరపకాయల పక్కన నిలబడి ఉన్నాడు. కాయల మీద ఇంకా టార్పాలిన్ పట్టా కప్పే ఉంది.

"మంచు ఆరిందాకా పట్టా తియ్యగూడదు. కాయ మచ్చ పడుద్ది" అన్నాడు.

పొద్దెక్కకముందే కొండెక్కేద్దామని వచ్చిన వాళ్ళం, ఎనిమిదిన్నర దాకా పట్టా మీద మంచు ఆరడం చూశాం. నేను రెండుసార్లు గట్టిగానే నిట్టూర్చాను. అంజయ్య వినిపించుకోలేదు. పట్టా తీసి మడత పెట్టాక కూడా కదల్లేదు.

"మా ఆవిడ ముప్పాళ్ళ పుట్టింటికి పోయింది. ఈడ ఎవురూ లేరు. గాలి పడమర తిరిగినట్టుంది. వాన గానీ పడుద్దంటారా, టీచరమ్మా?"

ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టాను. "చుక్క కూడా పడదు. నాదీ పూచీ" అన్నాను.

పక్క కల్లం కోటయ్యది. ఆయన మంచం మీద కూర్చుని అంతా వింటున్నాడు. పంచాయతీ ఎన్నికల్లో చెరో పక్క తిరిగినప్పటి నుంచి వీళ్ళిద్దరికీ మాటల్లేవట. తప్పనిసరిగా ఏదైనా చెప్పుకోవలసి వస్తే, హద్దు మీద కట్టేసిన గేదెకు చెబుతారట. అంజయ్య గేదె వైపు తిరిగి, "కొండకు పోతన్నా. మజ్జానానికి వచ్చేస్తా" అన్నాడు.

"పోతే పొమ్మను. నన్నడిగి పోవాలా ఏంది?" అన్నాడు కోటయ్య, ఆయనా గేదెతోనే. గేదె ఇద్దరినీ సమానంగా పట్టించుకోలేదు.

వెళ్ళదలచుకున్న వాళ్ళ కోసం రాస్తున్నాను. ఈ రోజుల్లో తొమ్మిదింటి దాకా రాళ్ళ మీద తడి ఉంటుంది, కాలు జారుతుంది. పదింటికి చెమటలు పడతాయి. పైకి వెళ్ళగానే గాలికి మళ్ళీ వణుకు. వసుంధర విప్పిన స్వెట్టర్లు ఒకటి అంజయ్య భుజాన, ఒకటి నా నడుముకు చేరాయి. ఆకు రాల్చిన మోదుగ చెట్లు దారి పొడుగునా పూలతో ఎర్రగా ఉన్నాయి.

పదీ నలభైకి పైకి చేరాం. కింద రెండు కల్లాలు ఎర్రటి చాపలు పరిచినట్టు కనిపిస్తున్నాయి. పులిహోర పొట్లాలు విప్పాం. అంజయ్య రెండో ముద్ద నోట్లో పెట్టుకుని, కొండ అవతలి వైపు చూసి లేచి నిలబడ్డాడు. అటు నుంచి నల్లటి మబ్బు లేస్తోంది.

నేను ఇంకా ఫోనే చూస్తున్నాను. అందులో ఎండ కాస్తూనే ఉంది. పైన ఊరి పేరు చూస్తే నరసరావుపేట అని ఉంది. ఇంట్లో పెట్టిన ఊరిని మార్చకుండా, పేట ఆకాశాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చాను. గాలి కొండకు తగిలి, పైకి లేచి, చల్లబడి మబ్బవుతుందని ఎనిమిదో తరగతికి బొమ్మ గీసి మరీ చెప్పేది నేనే.

"ఏడాది కష్టం, టీచరమ్మా" అన్నాడు అంజయ్య. అంతే, చేతిలో పొట్లం అక్కడే వదిలేసి రాళ్ళ దారిన పడి పరుగెత్తాడు.

సగం దారిలో వాన అందుకుంది. వసుంధర గొడుగు తెరిచి, నన్ను దాని కిందికి లాక్కుంది. పొద్దున నేను నవ్విన గొడుగే అది. గాలికి గొడుగు కూడా తిరగబడింది. జారుతూ, పట్టుకుంటూ కల్లానికి చేరేసరికి వాన వెలిసింది.

అంజయ్య కల్లం మీద పట్టా నిండుగా కప్పి ఉంది. అంచుల చుట్టూ రాళ్ళు కూడా పెట్టి ఉన్నాయి. కోటయ్య కల్లానికి సగం వరకే పట్టా ఉంది. మిగతా సగంలో కాయలు నీళ్ళలో తేలుతున్నాయి. కోటయ్య తడిసి ముద్దయి, వాటిని చేతులతో పక్కకు తోస్తున్నాడు. అంజయ్య హద్దు మీద ఆగిపోయి ఉన్నాడు.

ఉండబట్టలేక కోటయ్యను నేనే అడిగాను. "మీవి వదిలేసి ముందు ఆయనవి కప్పారా?"

"నా కాయలకి నేనన్నా ఉండా గదమ్మా. ఆయన కాయలకి ఎవురున్నారు?" అన్నాడు కోటయ్య, తల ఎత్తకుండా.

అంజయ్య హద్దు దాటాడు. "లెగు, కోటన్నా. తడిసినయ్యన్నీ మా వరండాలో పోద్దాం. ఫ్యాన్లు పెడితే కొన్నన్నా దక్కుతయ్యి."

కోటయ్య తల ఎత్తి చూశాడు. తర్వాత పక్కనున్న గంప తీసి ఆయనకు అందించాడు.

మూడింటి దాకా నలుగురం కాయలు ఎత్తాం. మా చేతులు మండిపోయాయి. వెళ్ళే ముందు కోటయ్య దగ్గరికి వెళ్ళి, బళ్ళో మబ్బుల పాఠం చెప్పే నాదే తప్పని చెప్పాను.

"మబ్బొస్తే మీరేం జేస్తారమ్మా? కాకపోతే ఆ పాఠం పిల్లకాయలకి కాస్త చూసి చెప్పండి" అన్నాడు నవ్వుతూ. దక్కని కాయల వైపు చూసినప్పుడు మాత్రం ఆ నవ్వు లేదు.

నాలుగుంపావుకు తిరుగు బస్సు దొరికింది. వసుంధర నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆ కొండ మంచి కొండే, తప్పకుండా వెళ్ళండి. ఫోన్‌లో ఊరు మార్చుకోండి, పదకొండు లోపల దిగిపోండి. మిమ్మల్ని కొండెక్కించే మనిషిని మాత్రం కల్లం దగ్గర ఎవరున్నారని ముందే అడగండి. ఎవరూ లేరంటే ఆ పూట కొండ మానుకోండి. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నేను పూచీ పడింది అంజయ్యకు. నా ఫోన్ వంక కన్నెత్తైనా చూడని కోటయ్య ఆ పూచీని నిలబెట్టాడు, తన కాయలు తడుపుకుని.