నెట్టుకు పడిన చిల్లు, నాకున్న నోరు

జట్టు ఓడిపోతే ఏడ్చే అభిమానుల్ని మీరు చూసే ఉంటారు. గెలిచిన తన జట్టు అసలు గెలవనే లేదని సాక్ష్యం చెప్పి, ఆ గెలుపును తీసుకెళ్లి ఎదుటివాళ్ల చేతిలో పెట్టి వచ్చిన అభిమానిని మాత్రం చూసి ఉండరు. చూడాలనుంటే బేతంచెర్ల స్టేషన్ రోడ్డుకు రండి. అక్కడ జెరాక్స్ షాపులో, ఎవరైనా ఫుట్‌బాల్ మాట ఎత్తగానే తల దించుకుని మిషన్లో కాగితాలు సర్దే మనిషి కనిపిస్తాడు. అది నేనే. పేరు శేఖర్. నేను చేసిన నిర్వాకానికి మా ఊరు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నా నోటికి అంతటి విరామం అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఫోన్లో విదేశీ మ్యాచ్‌లు చూడడం కొత్తగా మరిగాను. అర్థమైన మాటలు పది, వాడే మాటలు ఇరవై. ప్రెస్సింగ్ అనీ పొజెషన్ అనీ అనకుండా అన్నం కూడా ముట్టేవాణ్ణి కాదు. "పప్పు మీద నీకు కంట్రోల్ పోయిందమ్మా" అని మా అమ్మతో అని, గరిటె దెబ్బ తిన్నాను కూడా. ఇక నా సొంత ఆట అంటారా? చిన్నప్పుడు ఒకసారి బంతిని తన్నితే అది పక్కింటి వాళ్ల పెరుగు గిన్నెలో పడింది. అంతటితో నా ఆట ముగిసి విశ్లేషణ మొదలైంది.

మా ఊరి జట్టంటే పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లే. పొద్దున ఆరింటి నుంచి నాపరాళ్లకు పాలిష్ పట్టి, మోకాళ్ల దాకా తెల్లటి రాతిబురదతో వచ్చి, హైస్కూలు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని ఆటకు దిగేవాళ్లు. వాళ్లలో హుస్సేనన్న ఒకడు. వయసు ముప్పై దాటింది. వెనక నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టే పంపించడం ఆయన పని. నాలుగేళ్లుగా ఆడుతున్నా ఒక్క గోలూ కొట్టలేదు. కొట్టమని ఎవరూ ఆయన్ను అడగనూ లేదు.

ఆ ఏడు మా ఊళ్లో పెట్టిన టోర్నమెంటులో మావాళ్లు సెమీ ఫైనల్ దాకా వచ్చారు. ఆట ఆదివారం. ఎదుటిది మంగంపేట గనుల కుర్రాళ్ల జట్టు. ఎండాకాలం ఇంకా రాలేదు గానీ, మా ఊళ్లో ఎండకు కాలంతో పనేముంది? గ్రౌండులో లేచిన దుమ్ముకు ఎవరు మావాళ్లో ఎవరు వాళ్లో తెలియడం లేదు. ఆడే తీరును బట్టి మాత్రం ఇట్టే తెలిసిపోతోంది. బంతిని పిచ్చికుక్క కరిచిందేమో అన్నట్టు మావాళ్లు దానికి దారిచ్చి పక్కకు తప్పుకుంటున్నారు. మంగంపేటవాళ్లు తన్నిన బంతి మూడుసార్లు మా గోల్ కొయ్యకు తగిలి వెనక్కి వచ్చింది. ఆ రోజు మా జట్టులో నిలకడగా ఆడింది ఆ కొయ్య ఒక్కటే.

ఇంకో ఐదు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, ఎలా వచ్చాడో ఏమో, హుస్సేనన్న ఎదుటివాళ్ల గోల్ ముందుకు వచ్చాడు. కాళ్ల దగ్గరికి వచ్చిన బంతిని కళ్లు మూసుకుని తన్నాడు. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గేసరికి బంతి నెట్టులో ఉంది. రిఫరీ ఈల వేశాడు. జట్టు జట్టంతా హుస్సేనన్నను భుజాల మీదికి ఎత్తుకుంది.

నేను సరిగ్గా ఆ గోల్ వెనకే, విరిగిన నాపరాళ్ల కుప్ప మీద కూర్చుని ఉన్నాను. బంతి ఎలా వెళ్లిందో నాకు స్పష్టంగా కనిపించింది. అది కొయ్య పక్కనుంచి బయటికి పోయి, పక్క నెట్టుకు పడిన చిల్లులోంచి లోపల దూరింది. ఎండకు ఎండి పీలికలైన పాత నెట్టు అది. చిల్లు చాటంత ఉంది. చూసింది నేనొక్కణ్ణే. చూసి కూడా "గోల్!" అని అందరికంటే గట్టిగా అరిచాను.

ఆట ఒకటి-సున్నాతో అయిపోయింది. గెలిచాం. కానీ మాలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడే మద్దిలేటి నా పక్కకు వచ్చాడు. వాడు నా చిన్నప్పటి స్నేహితుడు, రాళ్ల లారీ నడుపుతాడు.

"రేయ్, గెలిచినామా?" అన్నాడు.

"గెలిచినామంట."

"మరి యాల ఇట్లుండాది?"

"ఎట్లుండాది?"

"పెండ్లికి పోయి అన్నం తినకుండా వచ్చినట్లుండాది."

అందరికీ అలాగే ఉంది. నలభై మందిమి తలలు వేలాడేసుకుని స్టేషన్ దగ్గరి హోటల్‌కు వెళ్లాం. గెలిచి అంత దిగులుగా బొరుగుల ఉగ్గాని తిన్న జనం మా జిల్లాలో ఇంకెక్కడా ఉండరు. ఒకడు గోల్‌కీపర్ను తిట్టాడు, ఇంకొకడు కెప్టెన్ను తిట్టాడు. విశ్లేషకుణ్ణి కదా, నేను ఊరుకుంటానా?

"రేయ్, అసలు అది గోలే కాదు" అన్నాను.

హోటలంతా నా వైపు తిరిగింది. ఆ తిరగడం ఎంత బాగుంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నా ప్లేటులో రెండు మిరపకాయ బజ్జీలు నిలబెట్టి గోల్ కొయ్యలన్నాను. వాటి వెనక ఉగ్గాని నెట్టు. ఒక వేరుశనగ గింజ బంతి. ఆ గింజను బజ్జీ పక్కనుంచి తిప్పి ఉగ్గానిలోకి తోశాను. అంతటితో ఆగానా? లేచి నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, గాలిలోకి కాలు విసిరి, హుస్సేనన్న ఎలా తన్నాడో చేసి చూపించాను. హోటల్ పగలబడి నవ్వింది. దిగులంతా ఎగిరిపోయింది.

పక్క బల్ల దగ్గర తెల్లచొక్కా వేసుకున్న యాభై ఏళ్లాయన టీ తాగుతున్నాడు. "అప్పా, బాల్ యా పక్క నుంచి పోయిందంటివి?" అని మర్యాదగా అడిగాడు.

అంత శ్రద్ధగా వినేవాడు దొరికితే వదులుతానా? మళ్లీ మొదటి నుంచి చెప్పాను. రిఫరీ ఎక్కడున్నాడో తెలియడం కోసం ఇంకో బజ్జీ తెప్పించాను.

"చిల్లు ఎంతుంటాది?"

"రాండి సార్, చూపిస్తా!"

గ్రౌండుకు తీసుకెళ్లాను. నెట్టు చిల్లులో నా తల దూర్చి అవతలికి పెట్టాను. "చూడండి సార్, తలకాయే పడతాంది, బాల్ పట్టదా?" అన్నాను. ఆయన ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. నేను నవ్వాను. ఫోటో అంటే నవ్వాలి కదా.

"శానా బాగా చెప్పినావప్పా. ఇదే మాట పీటీ సారు ముందర చెప్తావా?"

పీటీ సారంటే రిటైరైన డ్రిల్లు మాస్టారు, టోర్నమెంటుకు పెద్ద. "యెవరి ముందరైనా చెప్తా!" అన్నాను. సారు ఇంటి గేటు తీస్తూ, మర్యాదకు అడిగాను: "మీది యా ఊరు సార్?"

"మంగంపేటప్పా. ఆ టీము మేనేజర్ను నేనే. ఓబుల్‌రెడ్డి అంటారు."

వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. గేటు మాత్రం అప్పటికే తెరుచుకుంది. లోపల వరండాలో, మెడలో బంతిపూల దండతో, చేతిలో గిన్నెతో హుస్సేనన్న నిలబడి ఉన్నాడు. కొడుకు గోల్ కొట్టాడని వాళ్లమ్మ సేమ్యా పాయసం చేస్తే, సారుకు ఇవ్వడానికి వచ్చాడు.

ఓబుల్‌రెడ్డి విషయం చెప్పాడు. సారు నా వైపు చూశాడు. "శేఖరా, నువ్వు చూసినావా?"

చూడలేదని అనొచ్చు. కానీ ఓబుల్‌రెడ్డి ఫోన్లో నా తల నెట్టులో నవ్వుతోంది. "చూసినా సార్" అన్నాను.

సారు హుస్సేనన్నను అడిగాడు. ఆయన, "నాకు తెల్దు సార్. తన్నినా. కండ్లు తెరిసేసరికి బాల్ లోపలుండాది. అందరూ ఎత్తుకున్నారు. ఎత్తుకున్నారంటే గోలేలే అనుకున్నా" అన్నాడు. తర్వాత మెడలోని దండ తీసి, పూలు రాలకుండా మడిచి, గిన్నె పక్కన పెట్టాడు. ఆ మడవడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

బుధవారం మళ్లీ ఆడాలని సారు తీర్పు చెప్పాడు.

ఇక ఊరు సంగతి చెప్పాలా? హోటల్లో నేను టీ అడిగితే పాలు అయిపోయేవి. నా వెనక వచ్చినవాడికి పాలు మళ్లీ పుట్టేవి. జెరాక్స్‌కు వచ్చేవాళ్లు కాగితం ఇచ్చి, ఎన్ని కాపీలో వేళ్లతో చూపించేవాళ్లు. మద్దిలేటి నన్ను చూసి లారీ హారన్ మాత్రం కొట్టి వెళ్లిపోయాడు. మా అమ్మ కూడా, "పొజెషన్ యాడుందో ఆడికే పోయి తిను" అని కంచం బోర్లించింది.

సోమవారం ఉండబట్టలేక హుస్సేనన్న పనిచేసే చోటికి వెళ్లాను. మిషన్ ఆపి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"అన్నా, తప్పయింది."

"మాయమ్మ అడిగింది శేఖరా, గోలంటే ఏందిరా అని. రెండు కొయ్యల మధ్య బాల్ పోవాలమ్మా అంటి. మరి నీది యాడ పోయిందిరా అనింది. చిల్లులో పోయిందమ్మా అంటి. 'నాలుగు ఈదులకు పాయసం పంచితినే, ఇప్పుడు ఏం చేయాల? తాగినోళ్లతో ఏం చెప్పాల?' అంటాంది."

ఇద్దరం నవ్వేశాం. నవ్వు ఆగాక ఆయన కింద పడిన రాతి ముక్కను కాలితో అటూ ఇటూ దొర్లిస్తూ అన్నాడు: "నువ్వు అబద్ధం చెప్పల్యా. ఆ మాటకొస్తే దొంగ గోలు నాకు మాత్రం యాల? దానికి నాకు కోపం ల్యా. కాకపోతే నేను తన్నినట్ల హోటల్లో చేసి చూపిస్తివంట. అందరూ శానా నగినారంట. అదొక్కటి మనసులో ఉండిపోయింది."

నేను చెప్పింది నిజమే. కానీ నిజం కోసమే అయితే, రిఫరీ ఈల వేసినప్పుడే చెప్పాలి. అప్పుడు నేనున్నది ఆ చిల్లుకు నాలుగడుగుల దూరంలో. అప్పుడు గోల్ అని అరిచి, తర్వాత నలభై మందిని నవ్వించడానికి ఆ నిజాన్ని బయటికి తీశాను. ఆ నిజానికి నా ప్లేటులో కొయ్యలూ నెట్టూ దొరికాయి గానీ, దాని కింద పడి నలిగే మనిషి ఒకడున్నాడని నాకు తట్టలేదు.

"ఏం చేయమంటావన్నా?"

"పోయి ఆ నెట్టు కుట్టు" అని మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

మంగళవారమంతా కుట్టాను. దబ్బనం, నైలాన్ తాడు పట్టుకుని, మళ్లీ చీమ కూడా దూరకుండా కుట్టి, నులకమంచం బిగించినట్టు నాలుగు వైపులా లాగి కట్టాను. మధ్యాహ్నం మద్దిలేటి వచ్చి తాడు రెండో కొస పట్టుకున్నాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. పని మాత్రం గొప్పగా వచ్చిందనుకున్నాను.

బుధవారం ఆట మొదలైంది. నేను గోల్ వెనక నిలబడితే ఓబుల్‌రెడ్డి వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. మావాళ్లు ఆదివారం కంటే ఘోరంగా ఆడారు. కానీ ఆట సగం దాటాక మా నాగేషు ఒక్క తన్ను తన్నాడు. ఈసారి బంతి రెండు కొయ్యల నడిమధ్యనుంచి దూసుకొచ్చింది. వచ్చి, నేను బిగించిన నెట్టుకు తగిలి, గోడకు కొట్టినట్టు ఎగిరి మళ్లీ గ్రౌండులో పడింది!

కొయ్యకు తగిలి వచ్చిందనుకున్న రిఫరీ, ఆట ఆడమని చెయ్యి ఊపాడు.

"గోల్ సార్! గోల్! నెట్టుకు తగిలింది!" అని నేను గ్రౌండులోకి పరుగెత్తాను. మంగంపేట కుర్రాళ్లు చుట్టుముట్టారు. "మొన్న ఒక మాట, ఈ పొద్దు ఒక మాట! ఈని మాట యెవరు నమ్ముతారప్పా?" అన్నారు. నిజమే, నేనైనా నమ్మను.

అప్పుడు వెనకనుంచి ఓబుల్‌రెడ్డి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. "గోలే సార్. నేనూ చూసినా" అన్నాడు.

"మేనేజర్ సార్!" అని వాళ్ల కుర్రాళ్లు లబోదిబోమన్నారు.

"ఊరుకోండ్రా. మొన్న ఈ పిల్లోడు సొంత ఊరికి ఎదురుగా నిలబడి నిజం చెప్పినాడు. ఈ పొద్దు నేను నోరు మూసుకుంటే నా మొగం యాడ పెట్టుకోవాల?"

నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. ఆయన నన్ను సత్యసంధుడనుకుంటున్నాడు. నాది సత్యం కాదు సార్, నోటి దురద అని చెప్పే ధైర్యం రాలేదు. నా భుజం తట్టి, చెవిలో అడిగాడు: "ఔనూ, నెట్టు అంత బిగించినోడు యెవరప్పా?"

"నేనే సార్."

"నీతో పడలేంలే నాయనా" అన్నాడు.

మళ్లీ ఒకటి-సున్నా. మళ్లీ అదే అరకొర గెలుపు. కానీ ఈసారి ఎవరూ తల వేలాడేయలేదు. పలక డప్పులు మోగాయి, ఈలలు మోగాయి, నన్ను కూడా ఎవరో ఎత్తి మళ్లీ కింద పడేశారు. హుస్సేనన్న ఆ రోజు గోల్ కొట్టలేదు. ఆ తర్వాతా కొట్టలేదు. కానీ అందరినీ వాళ్లింటికి రమ్మన్నాడు.

వాకిట్లో వాళ్లమ్మ పాయసం గిన్నె ముందు పెట్టుకుని, గరిటె పైకెత్తి ఆగింది. "ఈసారి ముందే అడుగుతాండా. నిజంగా గెలిచినారా?" అంది. అందరూ నన్ను చూపించారు. "నువ్వు చెప్పప్పా. నువ్వు చెప్తేనే వడ్డిస్తా."

"నిజంగానే గెలిచినారమ్మా."

"బాగా ఆడినారా?"

హుస్సేనన్న నా మొహంలోకి చూశాడు. "శానా బాగా ఆడినారమ్మా" అన్నాను. గరిటె దిగింది.

ఆ పాయసం గ్లాసు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, మా జట్టు గెలిస్తే ఎలా గెలిచిందని అడగను. అడిగినా జవాబు చెప్పను. ఒకవేళ చెప్పాల్సి వస్తే, వినేవాళ్ల ఊరేదో కనుక్కోకుండా నోరు విప్పను. ఇన్నేళ్లుగా ఆ ప్రమాణం తప్పలేదు. బుధవారం నాటి ఆట ఆదివారం కంటే ఘోరమన్న మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, మీతో తప్ప.

అవునూ, ఇంతకీ మీది ఏ ఊరు?