రాతి మీద నాలుగో పేరు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. కోయంబత్తూరు దగ్గర, సూలూరు వైపు ఒక నూలుమిల్లులో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. మిషను ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. లోకమంతా అంతే అనుకునేవాణ్ణి. ఆ ఒక్క మధ్యాహ్నానికి మాత్రం కారణం ఇప్పటికీ దొరకలేదు.

మా మిల్లు గేటుకు ఎదురుగా, రోడ్డు పక్కన నడుమెత్తు రాయి ఒకటి ఉంది. దాని మీద తమిళ అక్షరాల్లో మూడు పేర్లు. మా తాత కాలంలో సమ్మె చేసినవాళ్లను పోలీసులు గేటు ముందే కాల్చారు. ముగ్గురు అక్కడికక్కడే పోయారు. ఒకడికి దవడ ఎగిరిపోయిందట. తోటి కార్మికులు వాళ్ల జ్ఞాపకంగా నిలబెట్టిన రాయి అది.

అదే రోజు, అదే గేటు దగ్గర మా తాత కూడా చనిపోయాడు. ఆయన దారం వడికే రింగ్ ఫ్రేముల దగ్గర మేస్త్రీ. అక్కడి పనివాళ్లంతా ఆయన చెప్పుచేతల్లో ఉండేవాళ్లు. శవాన్ని ఇంటికి తెస్తే ముఖం మిగల్లేదు. అవ్వ కాలివేళ్లు చూసి గుర్తుపట్టిందట. పోలీసు దెబ్బలకే పోయాడని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆ తర్వాత అవ్వ మా నాయనను మిల్లు గడప తొక్కనివ్వలేదు. ఆయన సూలూరులో పచారీ అంగడి పెట్టుకుని బతికాడు. అవ్వ పోయాకే నేను మిల్లులో చేరాను.

నాయనకు ఒకటే కోరిక. ఆ రాతి మీద నాలుగో పేరు తన తండ్రిది ఉండాలి. యూనియన్ వాళ్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాడు. పాతవాళ్లు ఒప్పుకోలేదు, ఎందుకో చెప్పనూ లేదు. వాళ్లంతా పోయాక కొత్తవాళ్లు సరే అన్నారు. చెక్కించే పని నా మీద పడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రింగ్ ఫ్రేముల హోరులో పక్కవాడి మాట వినపడదు. లోపల మేమంతా చేతి సైగలతోనే మాట్లాడుకునేవాళ్లం. మంచినీళ్లకు ఒకటి, దారం తెగితే ఒకటి. మేస్త్రీలు మాత్రమే చేసే సైగ కూడా ఒకటి ఉండేది. తలగుడ్డ మీద రెండు వేళ్లతో తట్టి, మనిషి వైపు చూపి, చెయ్యి బయటికి విసిరేవాళ్లు. వీణ్ణి బయటికి పంపు అని దాని అర్థం. ఆ చెయ్యి లేచిందంటే మా గుండెలు జారిపోయేవి. మిల్లు బయట ఆ సైగ ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. రాళ్లు చెక్కే మనిషి తాత పేరులో మొదటి అక్షరం పూర్తి చేశాడు. అప్పుడే షిఫ్టు మారే కూత మోగింది.

తలెత్తి చూస్తే రాయికి అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలగుడ్డ నెత్తుటితో ముద్దయి ఉంది. దాని కింద ముఖమని చెప్పుకోవడానికి ఏమీ లేదు. అంతా చితికిపోయి, ఒక్క కన్ను మాత్రం నన్నే చూస్తోంది. చెయ్యెత్తి తలగుడ్డ తట్టాడు. మొదటి పేరు చూపి బయటికి విసిరాడు. రెండో పేరు. మూడో పేరు. తర్వాత అప్పుడే చెక్కిన ఆ కొత్త అక్షరం మీదికి వేలు చూపి ఇంకోసారి విసిరాడు.

నా పక్కనే కేక వినిపించింది. చెక్కే మనిషి సుత్తి తన ఎడమచేతి మీదే పడింది. రెండు వేళ్లు నుజ్జయ్యాయి. ఎముక బయటికొచ్చింది. నెత్తురు కారి, కొత్త అక్షరం గాడిలో నిండింది. ఎవరో తన మణికట్టు పట్టుకుని లాగారని అతను ఆసుపత్రికి వెళ్లేదాకా అంటూనే ఉన్నాడు. అవతల చూస్తే ఎవరూ లేరు.

కేక విని, రాయికి ఎదురింట్లో ఉండే ముసలవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ రాతి మీద మొదటి పేరు ఆమె మొగుడిది. చూసింది చూసినట్టు చెప్పి, ఆ సైగ చేసి చూపించాను. ఆమె చేతిలోని చెంబు కింద పడింది.

"ఎవురు చెప్పిరి తంబీ నీకు? మీ తాత గేటు దిమ్మె మీద నిలబడి పోలీసోళ్లకి అట్లనే చెయ్యి చూపించె. మొదట మా ఇంటాయన్ని. మూడు దపా చూపించె, ముగ్గురూ పడిపోయిరి. ఆమీట జనం ఆయన్ని కిందికి లాగి రాళ్లతో కొట్టి సంపేసిరి. నేనూ ఒక రాయి ఏస్తిని."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీ అవ్వా ఆ దినమే తాళి తీసె. ఆమెకి ఏమని చెప్పేది?"

ఇంటికి వెళ్లేసరికి నాయన వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. చెక్కేవాడికి దెబ్బ తగిలింది, పని ఆగింది అన్నాను. ముసలవ్వ మాట మాత్రం ఎత్తలేదు.

"పోనీలే, ఇంకో దినం అయితాది," అన్నాడు. తర్వాత ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. "మా నాయన మొగం నాకు గ్యాపకం లేదురా. ఒకటే గ్యాపకం. ఆ దినం అమ్మ కూడు ఎత్తుకొని పోయె, నేను చంకలో ఉంటిని. ముందర అంతా జనం. నాయన గేటు మీదినించి నన్ను చూసి ఇట్ల చేసె."

రెండు వేళ్లతో తల తట్టి, నా వైపు చూపి, చెయ్యి విసిరాడు. నవ్వుతున్నాడు.

"నేనూ తిరగ చేస్తిని. అంతలో టపటపమని సద్దు, అమ్మ నన్నెత్తుకొని ఇంటికి పరిగెత్తె," అన్నాడు.

ఆ వేలు లేచింది ఆయన మీదికి కాదు, ముందున్న జనం మీదికని చెప్పలేకపోయాను. ఆయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, నేనూ చేస్తానేమోనని చూస్తున్నాడు. చేశాను.

తర్వాత నాయన ఎంతమంది చెక్కేవాళ్లను పిలిపించినా, ఏవో సాకులు చెప్పి, ఆ పేరు నేనే పూర్తి కానివ్వలేదు. నాయన ఎదురుచూస్తూనే పోయాడు. అక్కడ నిలబడింది తాతో, ఆయన చంపించినవాళ్లలో ఒకడో నాకు తెలియదు. నాకెవరూ చెప్పని సంగతి నా కళ్లకు ఎట్లా కనబడిందో అంతకన్నా తెలియదు. రాతి మీద మూడు పేర్ల కింద ఆ ఒక్క అక్షరం ఇప్పటికీ ఉంది.