మూడు తోవల కాడ స్టీలు డబ్బా

శంషాబాద్ విమానాశ్రయం కుర్మయ్య దయవల్ల నడుస్తోంది. నమ్మకపోతే ఆయననే అడగండి. ఇప్పుడు రన్‌వే ఉన్నచోట ఒకప్పుడు ఆయన జొన్నచేను ఉండేది. ఆ జొన్న ఎంత ఎత్తు పెరిగేదంటే, నిచ్చెన అందక, బేగంపేట పాత విమానాశ్రయంలో దిగబోయే విమానాలను చెయ్యూపి ఆపి, రెక్క మీద నిలబడి కంకులు కోసేవాడట. కొలతలకు వచ్చిన ఇంజనీర్ల టేపు కురచైతే తన మోటబావి తాడిచ్చి రన్‌వే కొలిపించాడట. ఇప్పుడదే విమానాశ్రయం రోడ్డు నడిమధ్య చెట్లకు కాంట్రాక్టరు కింద నీళ్లు పెడుతున్నావు కదా అని ఎవరైనా దెప్పితే, "అరే, జాగ ఇచ్చినోడే నీళ్లు గూడ ఇయ్యాలె గద" అనేవాడు. దుర్గవ్వ చాయ్ హోటల్లో ఈయన అబద్ధాలకున్న గిరాకీ ఆమె ఉస్మానియా బిస్కెట్లకు కూడా లేదు.

అలాంటి నోరు మూతబడింది.

ఉత్తరాదిన ఒక పెద్ద నగరం బజారులో బాంబు పేలింది. కుర్మయ్య కూతురు మనీషా సరిగ్గా ఆ పూట ఆ బజారులో ఉంది. ఆమెది కార్గో ఆఫీసులో ఉద్యోగం. శిక్షణకని పంపితే తోటి పిల్ల ప్రియదర్శినితో కలిసి వెళ్లింది. తిరుగు ప్రయాణానికి ముందు ఇద్దరూ గాజులు కొనుక్కోవడానికి బయల్దేరారు. మనీషా ఆటో మాట్లాడటానికి రోడ్డు దాటింది. ప్రియదర్శిని గాజుల కొట్టు ముందే ఉండిపోయింది. అంతే. ప్రియదర్శిని మిగల్లేదు. మనీషా ఒంటి మీద గీత కూడా పడలేదు.

ఆమెను విమానంలో పంపించారు. ఆ విమానం వాళ్ల చేను మీదే దిగింది. వేరే రోజైతే కుర్మయ్య ఆ ఒక్క ముక్కతో నెలరోజులు ఊరక చాయ్ తాగేవాడు. ఈసారి గేటు దగ్గర కూతురి సంచి అందుకుని, ఏ బస్సు ఎక్కాలో తోచక, రోజూ నీళ్లుపట్టే రోడ్డు మీదే కొత్తవాడిలా నిలబడిపోయాడు.

ఇంటికొచ్చిన మనీషా ఏడవలేదు. పళ్లెం పెడితే తిన్నది, తీసేస్తే లేచింది. ఫోను బోర్లా పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. మహేశ్వరం నుంచి చుట్టాలొచ్చారు. మైకులు పట్టుకుని టీవీవాళ్లొచ్చారు. "సప్పుడు ఎట్లొచ్చిందమ్మా? నువ్వు ఎంత దూరంల ఉన్నవు?" అని అడిగితే ఆమె "ఊఁ" అనేది. ఆ జవాబు చాలక వాళ్లు తండ్రివైపు తిరిగేవారు. తాడును పాముగా, పామును పది తలల నాగేంద్రుడిగా మార్చగల మనిషి కదా, వీధి దద్దరిల్లేలా చెబుతాడనుకున్నారు. ఆయన "ఏమో" అనేవాడు. కొందరికి కోపం కూడా వచ్చింది. చార్జీలు పెట్టుకుని వచ్చింది "ఏమో" అని వినడానికా?

దుర్గవ్వ హోటల్లో మాత్రం మాటకు కరువు లేదు. పేపరు తెరిస్తే అదే, టీవీ పెడితే అదే.

"దొరికినోన్ని దొరికినట్టు నడిరోడ్డు మీద ఉరి తియ్యాలె సార్. లైవ్ పెట్టాలె" అన్నాడు క్యాబ్ నడిపే దశరథం.

"సచ్చుటానికే తయారై వచ్చినోనికి ఉరంటే ఏం భయం రా?" అన్నది దుర్గవ్వ, చాయ్ వడపోస్తూ. "నీకంటే భయం. ఇంట్ల పెండ్లామున్నది గాబట్టి బెదురు అలవాటైంది."

శ్రీరామమూర్తి గారు పేపరు మడిచారు. ఆయన కాకినాడ వైపు మనిషి. బ్యాంకులో మేనేజరుగా రిటైరై, రోడ్డవతలి అపార్ట్‌మెంట్లలో స్థిరపడ్డారు. "ఉరి తర్వాతి సంగతండీ. ఇలాంటివాళ్లను మొలకలో ఉన్నప్పుడే కనిపెట్టాలి. కుర్రాడు నలుగురితో మాట్లాడటం మానేస్తాడు. భోజనం దగ్గర మౌనం. ఎప్పుడూ ఆ గదీ, ఆ ఒంటరితనమూను. అదిగో, అప్పుడే పెద్దవాళ్లు పక్కన కూర్చుని మాట్లాడాలి. కాలనీకొక కమిటీ ఉండాలండీ."

ఎదురుగా పంక్చరు దుకాణంలో గౌస్ ట్యూబును నీళ్ల టబ్బులో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. అక్కణ్నుంచే కేకేశాడు. "కమిటీ మంచిదే సార్. గని కమిటీల పిలగాండ్లు కూసోరు. మనమే కూసుంటం. మీరు, నేను, గీ దశరథం. గీనికి చాయే సక్కగ తాగుడు రాదు, గీడు బాంబు ఏం జేస్తడు?"

అందరూ నవ్వారు. కుర్మయ్య నవ్వలేదు. మాట్లాడకపోవడం, తినేటప్పుడు మౌనం, గది, ఒంటరితనం. సారు చెప్పిన గుర్తులన్నీ తన ఇంట్లో ఉన్నాయి. వీటికి ఏ కమిటీ కూర్చోవాలో ఆయనకు అంతుపట్టలేదు.

"మీరేమంటారు కుర్మయ్యా? మాకంటే మీకే కదా తెలుసు" అన్నారు శ్రీరామమూర్తి గారు.

"నీళ్ల ట్యాంకరొచ్చింది సార్" అంటూ లేచాడు కుర్మయ్య. ట్యాంకరు రాలేదు.

దవాఖాన డాక్టరు నిద్రమాత్రలు ఇచ్చాడు. మనీషా నిద్రపోయింది, లేచింది, మళ్లీ గోడవైపు తిరిగింది. అప్పుడు భార్య సక్కుబాయి తేల్చేసింది. "పిల్ల జడుసుకున్నది. గీ జడుపు మందులకు పోదు. దిష్టి తియ్యాలె."

దిష్టి తీసినదాన్ని మూడు తోవలు కలిసేచోట వదిలిపెట్టాలి. కుర్మయ్యకు వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ చుట్టుపక్కల తోవలేవీ కలవడం మానేసి చాలాకాలమైంది. కొత్వాల్‌గూడ దాకా ఉన్న బండ్లబాటలను ఔటర్ రింగు రోడ్డు మింగేసింది. కొత్త రోడ్లు ఒకదాని నెత్తి మీద ఒకటి ఎక్కి పోతాయే తప్ప కలుసుకోవు. నేల మీద మూడు దారులు కలిసేది ఒక్కచోటే. సర్వీసు రోడ్డు వచ్చి విమానాశ్రయం రోడ్డులో పడే మలుపు. అటు దుర్గవ్వ హోటలు, ఇటు గౌస్ దుకాణం.

రెండో చిక్కు, దిష్టి సరుకు పెట్టే మట్టి ముంత. కుమ్మరి ఇల్లు ప్లాటై పోయింది. సక్కుబాయి మనీషా ఆఫీసుకు తీసుకెళ్లే స్టీలు సద్ది డబ్బా తెచ్చింది. "పిల్ల తిన్న గిన్నెనే గద. ఇంకా మంచిది." అందులో ఉప్పు, ఎండు మిరపకాయలు, నిమ్మకాయ, గుడ్డు, కూతురి తల నుంచి ఒక వెంట్రుక పెట్టింది. మూత బిగించి చుట్టూ నల్లదారం చుట్టింది. ఆదివారం పొద్దుగూకే వేళ మనీషా చుట్టూ తిప్పింది. తిప్పుతున్నంతసేపూ ఆమె తనను కాదన్నట్టు కూర్చుంది.

"ఎనుకకు మర్రి సూడొద్దు" అని మొగుడికి చెప్పింది సక్కుబాయి. "ఎవరడిగినా నాది అనొద్దు. అన్నవనుకో, గది లేసి మల్ల పిల్ల మీదికే వస్తది."

కుర్మయ్య డబ్బా పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

సోమవారం పొద్దున పనికి వెళ్లేసరికి మలుపు దగ్గర తాడు కట్టి ఉంది. జీపు ఉంది. జనం ఉన్నారు. జరిగింది దుర్గవ్వ చెప్పింది. గౌస్ దుకాణం తెరవడానికి వచ్చి రోడ్డంచున డబ్బా చూశాడు. ఏ డ్రైవరో మరిచిపోయిన సద్ది అనుకుని, లారీ కింద పడకుండా తీసి తన టైర్ల గుట్ట మీద పెట్టాడు. క్యాబులో పోతున్న ఎవరో పెద్దమనిషి దారం చుట్టిన స్టీలు డబ్బా చూసి పోలీసులకు ఫోను చేశాడు. బాంబులు తీసేవాళ్లు నగరం నుంచి రావాలి. ఈలోపు డబ్బా ఎవరి టైర్ల మీద కనిపించిందో వాణ్ని జీపెక్కించారు.

గౌస్ వెనకసీట్లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. జీపెక్కుతుంటే గుంపులోంచి ఎవడో వీపు మీద ఒక్కటి చరిచాడు. టోపీ కింద పడింది. ఎవరూ తీసివ్వలేదు.

"రోజు ఎయిర్‌పోర్టు బండ్లకే గాలి కొడతడు గద" అన్నారొకరు.

"మనిషైతే మంచోడే. లోపల ఏమున్నదో ఎవనికెరుక" అన్నాడు దశరథం. అతని స్టెప్నీ టైరు ఇంకా గౌస్ దుకాణంలోనే ఉంది.

"తొందరపడకండి, చట్టం చూసుకుంటుంది" అంటూ శ్రీరామమూర్తి గారు రెండడుగులు వెనక్కి జరిగారు.

కుర్మయ్య పైపు పట్టుకుని ఒక మొక్క దగ్గర నిలబడ్డాడు. పాదు నిండి, నీళ్లు రోడ్డు మీదకు పారుతున్నాయి. నోరు తెరిస్తే పిల్ల. తెరవకపోతే గౌస్. జీపు స్టార్టయింది.

"సారూ, ఆగుండ్రి. గా డబ్బా నాది."

దశరథం నవ్వాడు. "మొన్నటిదాక రన్‌వే నాదన్నడు సార్. ఇయ్యాల బాంబు గూడ నాదేనంటుండు." నవ్వు గుంపంతా పాకింది.

"నిజం సారూ. దిష్టి తీసిన డబ్బా. అండ్ల గుడ్డున్నది, నిమ్మకాయున్నది..."

"ముసలాయన్ని పక్కకు జరపండి" అన్నాడు ఎస్సై, ఆయనవైపు చూడకుండానే.

జరపడానికి కానిస్టేబుల్ వచ్చేలోపు కుర్మయ్య తాడు కింద దూరాడు. వెనక అరుపులు. దుర్గవ్వ పేరు పెట్టి పిలుస్తోంది. ఆయన వెనక్కి చూడలేదు. టైర్ల గుట్ట మీది డబ్బా తీసి, దారం పళ్లతో కొరికి, మూత లాగాడు. ఉప్పు ఒలికింది. నిమ్మకాయ తీసి పైకెత్తి చూపించాడు. తర్వాత మిరపకాయలు. తర్వాత గుడ్డు. ఒక్కొక్కటీ, సంతలో సరుకు చూపించినట్టు.

ఎస్సై వచ్చి చొక్కా పట్టుకుని ఊపేశాడు. బుద్ధుందా అన్నాడు, కేసు పెడతానన్నాడు, చివరికి, "ఇది తీసుకుని నా కళ్ల ముందు నుంచి పో" అన్నాడు. తాడు విప్పారు. బండ్లు కదిలాయి. ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి.

గౌస్ జీపు దిగి, టోపీ దులుపుకుని, దుకాణంలోకి నడిచాడు. కుర్మయ్య ముందు ఆగి డబ్బాలోకి తొంగిచూశాడు. "గుడ్డు గూడ పెట్టినవా? ముందుగల్ల చెప్తే ఆమ్లెట్ ఏసుకుందుము గద." ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు. పానా కోసం వెతుకుతున్నాడు. అది అతని చేతిలోనే ఉంది.

"భాయ్, నా స్టెప్నీ..." అన్నాడు దశరథం.

"ఐతది" అన్నాడు గౌస్.

కుర్మయ్య పట్టపగలు డబ్బా పట్టుకుని ఇంటికి వెళ్లాడు. సక్కుబాయి గడపలోనే చూసింది.

"నాదన్నవా?"

"అన్న. నమ్మలే. తెరిసి సూపిచ్చిన. గౌస్‌ను పట్టుకపోతుండిరి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు చేరగిలబడింది. మనీషా తల తిప్పింది. డబ్బాను చూసింది, తర్వాత తండ్రిని.

"గౌస్ చాచాను కొట్టిండ్రా బాపు?"

ఇంటికొచ్చాక ఆమె నోటి నుంచి వచ్చిన అన్నిటికంటే పొడుగు మాట అదే. కుర్మయ్య జాగ్రత్తగా డబ్బా కింద పెట్టాడు.

"లేదు బిడ్డా. ఎవరు ఏం అనలే."

ఆమె ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత "ఊఁ" అని గోడవైపు తిరిగింది.

ఆయన అక్కడే చతికిలబడి కూతురి చెంపవైపు, కళ్లవైపు చూస్తూ కూర్చున్నాడు. పోయిన జడుపు తిరిగొచ్చిందా, అసలు పోనేలేదా అని వెతికాడు. నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. మొన్న ఎలా ఉందో అలాగే ఉంది. పైనుంచి ఒక విమానం ఇంటి రేకులను అదిలిస్తూ దిగింది. ముగ్గురిలో ఎవరూ తల ఎత్తలేదు.