ఏకగ్రీవానికి అడ్డొచ్చిన చెయ్యి

"చచ్చిపోయిన మనిషి మీద కూడా నీకు పంతమేనా?" అని నిన్న మా సంఘపెద్ద గారు నన్ను అడిగారు. అందరి ముందూ అడిగారు కాబట్టి జవాబు కూడా అందరి ముందే చెబుతున్నాను. అవునండీ, పంతమే. కాకపోతే ఆవిడ మీద కాదు, మీ మీద.

ఇది చదివేవాళ్ళకి సంగతి చెప్పాలి. పోయిన గురువారం మా టీచర్ ఆంటీ చనిపోయింది. ఫరీదాబాద్‌లో మా వీధి చివరి ఫ్లాట్లలో ఉండేది. బడిలో హిందీ పిల్లలకు సివిక్స్ చెప్పేది, అదీ అచ్చమైన తెనాలి యాస హిందీలో. కామెర్లని ఆస్పత్రిలో చేరింది, మళ్ళీ ఇంటికి రాలేదు. నిన్న ఆదివారం ప్రార్థన అయ్యాక, మా తెలుగు క్రైస్తవ సంఘం అద్దెకు తీసుకునే స్కూలు హాల్లోనే సంతాప సభ పెట్టారు. పెద్దగారు తీర్మానం చదివారు. "ఎన్నడూ ఎవరినీ ఎదిరించి మాట్లాడని, సంఘంతో ఏకమనస్సుతో నడిచిన సహోదరి" అట. చదివి, "సమ్మతమైతే ఆమెన్ అనండి" అన్నారు. అందరూ అన్నారు. నేను చెయ్యెత్తాను.

"దేనికిరా?"

"వ్యతిరేకం అండీ."

"సంతాపానికి వ్యతిరేకం ఏంట్రా? దించు!"

దించలేదు. పక్కనున్న అంకుల్ నా చొక్కా పట్టుకుని గుంజాడు. అయినా దించలేదు. "వీడొక్కడి కోసం తీర్మానం పాడుచేసుకుంటామా? ఏకగ్రీవం అనే రాయండి" అన్నారు పెద్దగారు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి, ఊరి నుంచి వచ్చిన ఆంటీ వాళ్ళక్కకి ఈరోజు స్టేషన్లో ఇస్తారట. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి గోడకి తగిలించుకుంటుంది. మా ఆంటీ ఇక ఎప్పటికీ ఎవరినీ ఎదిరించని మనిషిగా ఆ గోడ మీద ఉండిపోతుంది. నా బాధ అది.

ఎదిరించని మనిషా? నాకు ఆవిడ పరిచయమైందే తగాదాలో. తొమ్మిదో తరగతిలో బడి మానేశాక నేను కేబుల్ టీవీ వైర్లు లాగే పనిలో చేరాను. ఒకరోజు ఆవిడ ఉండే బిల్డింగ్‌లో నిచ్చెనెక్కి వైరు లాగుతుంటే బయటికొచ్చింది.

"ఎవర్ని అడిగి లాగుతున్నావ్?"

"నాలుగు ఇళ్ళల్లో ముగ్గురు ఠీక్ హై అన్నారాంటీ. మెజారిటీ."

"నాలుగో ఆయన?"

"వద్దన్నాడు. ఒక్కడేగా."

"వైరు ఎవరి కిటికీకి అడ్డంగా వెళ్తోంది?"

"ఆయన కిటికీకే."

"అంటే ముగ్గురు కూడబలుక్కుని నాలుగోవాడి కిటికీ మీద ఓటేశారన్నమాట. దిగు."

తిట్టుకుంటూ దిగాను. వెనక గోడ మీదుగా చుట్టూ తిప్పి మళ్ళీ లాగేసరికి మధ్యాహ్నమైంది. ఆవిడే పిలిచి టీ ఇచ్చింది. నాకు ఒళ్ళు మండుతోంది. "ఓట్లూ గీట్లూ అంతా బక్వాస్ ఆంటీ, ఎవడి బలం వాడిది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కప్పు ఖాళీ అయినా వదల్లేదు.

గ్రీసు దేశంలో, ఏథెన్స్ అనే ఊళ్ళో, జనమంతా ఒక కొండ మీద కూడి, యుద్ధం చేయాలా వద్దా అని చేతులెత్తి తేల్చుకునేవారట. మధ్యలో ఎమ్మెల్యే లేడు, ఎంపీ లేడు. ఎవడి చెయ్యి వాడే ఎత్తుకోవాలి. బాగానే ఉందే అనుకున్నాను. తర్వాత తీరిగ్గా చెప్పింది, ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదట, బానిసలని రానిచ్చేవారు కాదట, బయటి ఊళ్ళ నుంచి వచ్చి బతికేవాళ్ళనీ రానిచ్చేవారు కాదట.

"అంటే మీకూ లేదు, నాకూ లేదు. అదేం ప్రజాస్వామ్యం?"

"అది మొదలురా. మొదలు గొప్పగా ఉందని నేనన్నానా?"

ఆవిడతో అదే చిక్కు. దేన్నీ పూర్తిగా పొగిడేది కాదు. మనల్ని పొగడనిచ్చేదీ కాదు. అమెరికాలో జనం వేరే ఎన్నిక పెట్టుకుని అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారనీ, అతను నచ్చకపోయినా నాలుగేళ్ళు భరించాలనీ చెప్పింది. మన దగ్గర ప్రధానమంత్రిని పార్లమెంటే మధ్యలో దింపేయొచ్చట. "అందుకేగా ఇక్కడ ఊరికూరికే పడిపోతున్నారు" అన్నాను. "పడిపోయే కుర్చీలో కూర్చున్నవాడే కాస్త జాగ్రత్తగా కూర్చుంటాడు" అంది. చోళుల కాలంలో ఒక తమిళ ఊళ్ళో ఊరి సభకి మనుషుల్ని ఎంచడానికి తాటాకుల మీద పేర్లు రాసి కుండలో వేసి తీసేవారనీ, ఒకసారి కూర్చున్నవాడు మళ్ళీ మూడేళ్ళ దాకా కూర్చోకూడదనీ ఒక ఆదివారం టీ దగ్గర అందరికీ చెప్పింది. చెబుతున్నంతసేపూ పెద్దగారి వైపే చూసింది. ఆయన బిస్కెట్ టీలో పడిపోయింది.

మా సంఘంలో కమిటీ ఎన్నికంటే ఏమీ ఉండేది కాదు. పేరు చదువుతారు, అందరూ ఆమెన్ అంటారు, అయిపోయింది. ఏటేటా ఆయనే. ఏటేటా ఆవిడ చెయ్యి లేచేది. భుజానికి హ్యాండ్‌బ్యాగు, వదులైన గొలుసు వాచీ. చెయ్యెత్తగానే ఆ వాచీ జర్రున మోచేతి దాకా జారేది. వెనక వరసల్లో ఆడవాళ్ళు "మొదలెట్టిందిరా దేవుడా" అని గొణిగేవారు. నిన్న వెక్కి వెక్కి ఏడ్చింది వాళ్ళే.

"దేవుని చిత్తం ఒకటే ఉంటుందమ్మా, రెండుండవు" అనేవారు పెద్దగారు.

"ఆయన చిత్తం ఆయనది. మనవి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. చీటీలు వెయ్యండి."

పోరగా పోరగా ఒక ఏడాది చీటీలు వేశారు. పెద్దగారే గెలిచారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆంటీ. బయటికొచ్చాక, మీరెవరికి వేశారని అడిగాను.

"ఆయనకే."

"పాగల్ హో గయీ క్యా ఆంటీ! మరి ఇన్నేళ్ళూ ఈ గొడవంతా ఎందుకు?"

"ఇన్నాళ్ళూ ఆయన కూర్చున్నాడు. ఇవాళ గెలిచాడు" అంది, వాచీని మణికట్టు మీదికి లాక్కుంటూ.

పెద్దగారూ, ఇది మీకు తెలీదు. ఇప్పుడు తెలుసుకోండి. మీకు జీవితంలో నిజంగా దొరికిన ఓట్లు ఆ ఏడాది పడ్డవే, అవి ఇప్పించింది ఆవిడ. ఆ మరుసటి ఏడాది మళ్ళీ మామూలే, మళ్ళీ ఆమెన్. మళ్ళీ ఆ చెయ్యి.

మంచి మాటలు రాశాం కదా, ఇందులో నీకు తప్పేం కనిపించిందని మీరు అడగొచ్చు. బతికున్నన్నాళ్ళూ ఆ చేతిని దించలేకపోయారు. ఇప్పుడు మంచి మాటలతో దించుతున్నారు. నేను చదువుకోలేదు, తీర్మానాలు రాయడం నాకు రాదు. "చాలాసార్లు ఎదిరించింది, మేం ఒక్కసారే విన్నాం" అని రాసుంటే మీ అందరికంటే ముందు నేనే ఆమెన్ అనేవాణ్ణి.

పొద్దున ఆంటీ వాళ్ళక్క మా వీధి కుర్రాడితో కబురు పంపింది. సాయంత్రం బండికి నన్ను నిజాముద్దీన్ స్టేషన్‌కి రమ్మంది. తిట్టడానికో, అసలేం జరిగిందో అడగడానికో నాకు తెలీదు. పెద్దగారు ఫ్రేము పట్టుకుని అప్పటికే అక్కడుంటారు. "నాకు ముఖాలు గుర్తుండవు, నిన్నట్లాగే చెయ్యెత్తి నిలబడమను, గుర్తుపడతాను" అందట ఆ అక్క.

బస్సు వచ్చేసింది. నేను వెళ్ళాలి.